నిమేషమంత కదలిక



సంస్కృతంలో 'నిమేషము' అంటే రెప్పపాటు. అమరకోశపు కాలమానంలో పదునెనిమిది నిమేషములు ఒక కాష్ఠ. ఆ శబ్దమే తెలుగు వాడుకలో నిమిషమై, నేడు అరవై సెకన్లకు పేరుగా స్థిరపడింది. అర్థం మారిన మాటలకు ఉదాహరణగా దీనిని తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. అంతర్జాలంలో తెలుగు పుటల గతాన్ని తలచుకున్నప్పుడు రెప్పపాటుకూ అరవై సెకన్లకూ మధ్యనున్న ఆ దూరమే మరొక రీతిగా అక్కరకు వచ్చింది. జాలపుట మీద ఏది కదలాలి, ఎంతసేపు కదలాలి, ఏది నిలిచి ఉండాలి అన్నది ఈ వ్యాసంలోని విషయం.

2008 ప్రాంతపు సంగతి ఒకటి ముందుగా చెప్పాలి. మా అచ్యుతాపురం అప్పటికి విశాఖపట్నం జిల్లాలో ఉండేది; 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చింది. నా దగ్గర చదువుకున్న ఒక పిల్లవాడి తండ్రి, చెరకు తోటల్లో పనిచేసే మనిషి, కొడుకు పరీక్ష రుసుముకు గడువెప్పుడో కనుక్కోవాలని నన్ను ఇంటర్నెట్ దుకాణానికి వెంటబెట్టుకొని వెళ్ళాడు. మేము తెరిచిన జాలస్థలిలో ఆ ప్రకటన ఒక ఎర్రని పట్టీలో కుడి నుండి ఎడమకు పరుగెత్తుతున్నది. అందులో రెండు తేదీలు: అపరాధ రుసుము లేకుండా ఒకటి, అపరాధ రుసుముతో మరొకటి. మేము చూపు నిలిపే సరికి మొదటి తేదీ ఎడమ అంచున మాయమైపోయింది. రెండవది మాత్రం దొరికింది. "అలా ఉరికిపోతే ఎలాగ సదువుతాం మేస్టారూ? కాసేపు నిలబడమనండి దాన్ని" అన్నాడాయన. నేను నవ్వి, దొరికిన తేదీనే గడువనుకొని కాగితం మీద వ్రాసి ఇచ్చాను. చివరకు ఆయన అపరాధ రుసుముతో సహా కట్టవలసి వచ్చింది. ఆ అదనపు సొమ్ము ఆయనకు ఒకనాటి కూలి కన్న ఎక్కువ. పక్కన ఉన్నది తెలుగు పండితుడు. చూసినది తెలుగు వాక్యం. అయినా పొరపాటు జరిగింది. దానిని చదువు రాకపోవడం మీదికి నెట్టడానికి వీలు లేదు. ఆ వాక్యాన్ని పరుగెత్తించడం వలననే ఆ మనిషి నష్టపోయాడని నాకు తరువాత అర్థమైంది.

ఈ పరుగు పట్టీకి 'మార్క్వీ' అని పేరు. 1995లో మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ రెండవ విడుదలలో ఇది కనిపించింది. దానికి ఒక్క ఏడాది ముందు నెట్‌స్కేప్ వారి బ్రౌజరులో, అదే మన విహరిణిలో, మిణుకు మిణుకుమని వెలిగి ఆరే అక్షరాలు పుట్టాయి. వాటి పుట్టుక విచిత్రమైనది. అక్కడి ఇంజనీరు లూ మాంటుల్లి తానే చెప్పినదాని ప్రకారం, ఒకనాటి సాయంత్రపు పిచ్చాపాటిలో ఆయన ఆ మాట వేళాకోళంగా అన్నాడు. తోటివాడొకడు రాత్రికి రాత్రే దానిని చేసి పెట్టాడు. తెల్లవారేసరికి అక్షరాలు మిణుకుమంటున్నాయి. బొమ్మల విషయానికి వస్తే, కంప్యూసర్వ్ సంస్థ 1987లో తెచ్చిన గిఫ్ పద్ధతిని 1989లో సవరించినప్పుడు, ఒక చిత్రం తరువాత మరొక చిత్రాన్ని ఎంత వ్యవధితో చూపాలో చెప్పే వీలు కలిగింది. నెట్‌స్కేప్ వారు 1990ల నడుమ దానికి ఆవృత్తిని జోడించారు. అప్పటి నుండి బొమ్మ ఒకసారి కదిలి ఊరుకోవడం మాని, అంతు లేకుండా కదలడం నేర్చింది.

ఆ పరుగు పట్టీని లెక్క గట్టి చూద్దాం. వేగం విడిగా చెప్పకపోతే, ప్రతి 85 మిల్లీసెకన్లకు 6 చుక్కల చొప్పున జరగడం దాని సహజ వేగం. అంటే సెకనుకు సుమారు 70 చుక్కలు. పట్టీ వెడల్పు 600 చుక్కలు, అందులో పరుగెత్తే ప్రకటన నిడివి 3000 చుక్కలు అనుకుందాం. ప్రకటన మొదటి అక్షరం కుడి అంచున ప్రవేశించినది మొదలు చివరి అక్షరం ఎడమ అంచు దాటే వరకు 3600 చుక్కల దూరం జరగాలి. సుమారు 51 సెకన్లు పడుతుంది. ఒక తేదీని పోగొట్టుకున్న చదువరి దానిని తిరిగి చూడాలంటే దాదాపు ఒక నిమిషం కాచుకోవాలి. రెప్పపాటులో చదవగల తేదీ అది. నిమేషంలో తీరవలసిన పనిని ఆ పట్టీ నిమిషం చేసింది.

కన్ను చదివే తీరు తెలిస్తే ఇందులోని కష్టం ఇంకా స్పష్టమౌతుంది. చదివేటప్పుడు మన చూపు పంక్తి మీద జారుతూ పోతున్నట్లు తోస్తుంది గాని నిజానికి అది గెంతుతుంది. ఒకచోట సెకనులో నాలుగవ వంతు నిలిచి, కొన్ని అక్షరాలను గ్రహించి, ముందుకు గెంతుతుంది. అనుమానం వస్తే వెనుకకు వస్తుంది. ఆ వెనుకకు రాగలగడమే చదువుకు ఆధారం. పైగా తెలుగు అక్షరం సంగతి చూడండి. తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వం పైనో పక్కనో ఉంటాయి. ఒత్తు కింద ఉంటుంది. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా చిన్న మెలిక. నిలిచి ఉన్న పంక్తిలో ఆ మెలిక పసిపిల్లవానికి కూడా కనిపిస్తుంది. గెంతుతూ జరిగే పంక్తిలో, అందులోనూ ఒత్తులకు చాలినంత ఎత్తు లేని పట్టీలో, అది పండితుని కంటికి కూడా ఆనదు.

మరి అంత అనుకూలం కాని కదలికకు మన తెలుగు పుటలు అంతగా ఎందుకు లోబడ్డాయి? దీనికి ఒక చారిత్రక కారణం ఉన్నదని నా అభిప్రాయం. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రతిలోనే తెలుగుకు చోటు దొరికింది. కాని ఆ చోటు సామాన్యుని గణనయంత్రం దాకా రావడానికి పదేళ్ళు పట్టింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి వచ్చింది. అప్పుడు కూడా మన లిపుల అమరికకు కావలసిన ఏర్పాటును చాలామంది విడిగా చేసుకోవలసి వచ్చేది. ఈలోగా పత్రికలవారు తమతమ ఖతులు తాము చేయించుకున్నారు. ఒకరి ఖతిలో వ్రాసినది మరొకరి ఖతిలో పిచ్చి గీతలుగా కనిపించేది. ఆ గీతలను యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి 'పద్మ' వంటి ఉపకరణాలు అవసరమయ్యాయి.

ఇంత చిక్కు మధ్య జాలస్థలులు కట్టేవారు ఒక సులువు వెదుక్కున్నారు. శీర్షికలను, స్వాగత వచనాలను, ఒక్కొక్కప్పుడు మొత్తం వ్యాసాన్ని బొమ్మగా చేసి పెట్టేవారు. బొమ్మకు ఖతి అక్కరలేదు. ఎవరి యంత్రంలోనైనా ఒకే తీరుగా కనిపిస్తుంది. అయితే అక్షరం బొమ్మగా మారిన మరుక్షణం దానిని ఆడించడానికి దారం కట్టినట్లే అయింది. ఎలాగూ బొమ్మే కదా, మెరిపిస్తే ఏం, తిప్పితే ఏం, నిప్పు అంటించినట్లు చూపితే ఏం? ఆంగ్ల పుటలలో కదలిక అక్షరానికి పక్కన చేరిన అలంకారం. మన పుటలలో చాలాచోట్ల అక్షరమే కదలికకు ముడిసరుకయింది. రెండింటికీ తేడా ఉన్నది.

దానికి చెల్లించిన వెల కూడా తక్కువ కాదు. మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ వారు ప్రజలకు అంతర్జాల సేవను తెరిచారు. తరువాతి ఏళ్ళలో టెలిఫోను తీగ మీద సెకనుకు 28.8 కిలోబిట్లు వస్తే అది మంచి వేగమే. ఆ తీగ మీద 50 కిలోబైట్ల కదలిబొమ్మ ఒకటి దిగడానికి సుమారు 14 సెకన్లు కావాలి. అదే 50 కిలోబైట్లలో, తెలుగు సంకేతం ఒక్కొక్కదానికి 3 బైట్ల చొప్పున, 17 వేల సంకేతాలు పడతాయి. అది ఒక చిన్న కథంత. ఒక దీపం వెలిగి ఆరే బొమ్మ కోసం చదువరి ఒక కథంత బరువును మోసుకొనేవాడు. దుకాణంలో గంటకు ఇంత అని డబ్బు కూడా కట్టేవాడు.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. కదలికనే నేను కాదనడం లేదు. కదలికను మితంగా వాడే విద్య మన నేల మీద ఏనాటి నుండో ఉన్నది. తోలుబొమ్మలాట చూసినవారికి ఇది చెప్పనక్కరలేదు. తెర వెనుక దీపం, తెర మీద రంగురంగుల నిలువెత్తు బొమ్మలు. సభలో ఊరకే ఉండవలసిన బొమ్మలను ఈత ముళ్ళతో తెరకు గుచ్చి నిలుపుతారు. మాట ఎవరిదో వారి బొమ్మ మాత్రమే కదులుతుంది: చేయి లేస్తుంది, తల ఊగుతుంది. అందుచేతనే వెనుక నుండి వినవచ్చే గొంతు ఏ పాత్రదో దూరాన కూర్చున్న ముసలివారికి కూడా తెలిసిపోతుంది. యుద్ధం వచ్చినప్పుడు రెండు బొమ్మలూ చెలరేగుతాయి, ఆటగాని పాదాల కింద చెక్కలు టకటకలాడతాయి. అంతవరకు దాచుకున్న కదలిక అక్కడ ఖర్చవుతుంది. ఈ కళకు పేరుపొందిన నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించింది. అన్ని బొమ్మలూ ఒక్కసారే ఊగితే ఆ తెర మీద కథ ఉండదని ఈ కళాకారులకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

మన అలంకారికులు ఇదే సంగతిని ఔచిత్యం పేరుతో చెప్పారు. రసభంగానికి అనౌచిత్యమే కారణమన్నాడు తొమ్మిదవ శతాబ్దపు ఆనందవర్ధనుడు. పదకొండవ శతాబ్దంలో క్షేమేంద్రుడు ఔచిత్యం మీదనే ఒక గ్రంథం వ్రాశాడు. నగ ఎంత విలువైనదైనా పెట్టుకోవలసిన చోటు తప్పితే నవ్వుల పాలవుతుందని అందులోని తాత్పర్యం. కదలిక కూడా ఒక నగయే.

పడమటి దేశాలలో ఈ వివేకం రెండు దారుల వచ్చింది. ఒకటి బొమ్మలు గీసేవారి దారి. డిస్నీ సంస్థలో పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో ఒక గ్రంథం వెలువరించి, కదలికకు పన్నెండు సూత్రాలు చెప్పారు. వస్తువు మెల్లగా బయలుదేరాలి, మెల్లగా ఆగాలి అన్నది అందులో ఒకటి. 1993లో బే-వీ చాంగ్, డేవిడ్ అంగర్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ సూత్రాలను గణనయంత్రపు తెరకు అన్వయించారు. తెర మీద వస్తువు చటుక్కున మాయమై మరొకచోట ప్రత్యక్షమైతే మనిషి తికమకపడతాడు. ఎక్కడ నుండి ఎక్కడికి వెళ్ళిందో కొద్దిసేపు చూపితే ఆ తికమక ఉండదు అన్నది వారి వాదం. 2001లో వచ్చిన మాక్ ఓఎస్ టెన్‌లో, పక్కన పెట్టిన కిటికీ సన్నగా సాగి అడుగున ఉన్న వరుసలోకి జారిపోయేది. అది వేడుకే అయినా, వెళ్ళిన వస్తువు ఎక్కడ ఉన్నదో చెప్పే పని కూడా చేసింది.

రెండవది దెబ్బ తిని నేర్చుకున్న దారి. 1996లోనే యాకబ్ నీల్సన్ జాలపుటల పది పెద్ద పొరపాట్లను లెక్కించి, పరుగెత్తే అక్షరాలను, ఆగని కదలిబొమ్మలను వాటిలో చేర్చాడు. ఎవరూ పెద్దగా వినలేదు. 1997 డిసెంబరు 16న జపానులో ఒక పిల్లల బొమ్మల ధారావాహికలో ఎరుపు నీలం రంగులు సెకనుకు పన్నెండు సార్లు చొప్పున మెరిసినప్పుడు, సుమారు 700 మందిని, ఎక్కువగా పిల్లలను, ఆసుపత్రులకు తీసుకువెళ్ళవలసి వచ్చింది. అది దూరదర్శని మీద జరిగినదే అయినా, మెరుపు కంటిని దాటి మెదడుకు తగులుతుందని లోకానికి తెలిసింది. అందరికీ అందుబాటులో ఉండే పుటల కోసం 2008 డిసెంబరులో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు రెండు హద్దులు గీశాయి. ఏదీ సెకనులో మూడుసార్లకు మించి మెరవకూడదు. ఇతర విషయం పక్కన తనంతట తానే కదలడం మొదలుపెట్టి అయిదు సెకన్లకు మించి కదిలేదానిని ఆపుకునే వీలు చదువరికి ఉండాలి. 2009లో మన దేశపు ప్రభుత్వ జాలస్థలులకు కూడా మార్గదర్శకాలు వచ్చాయి. చెరకు తోటల ఆ తండ్రి "కాసేపు నిలబడమనండి" అన్న మాటకూ, 2008 నాటి ఆ రెండవ నియమానికీ భావంలో తేడా ఏమీ లేదు. ఆయన నిపుణుల మాట వినలేదు. తన అవసరం తాను చెప్పాడు.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చు. మిణుకు అక్షరాలను 2013 ఆగస్టులో ఫైర్‌ఫాక్స్ విహరిణి తొలగించింది. పరుగు పట్టీని నేటి ప్రమాణాలు కాలం చెల్లినదిగా పేర్కొంటున్నాయి. విహరిణులు మాత్రం పాత పుటల మొహం చూసి ఇంకా దానిని నడుపుతున్నాయి. 2013లోనే ఆపిల్ వారి ఫోనులలో తెరలు ముందుకు వెనుకకు దూకే కొత్త పద్ధతి వచ్చినప్పుడు తల తిరుగుతున్నదని, వికారం పుడుతున్నదని జనం మొరపెట్టుకున్నారు. కదలికను తగ్గించుకునే మీట ఫోనులో దొరికింది. 2017 నుండి ఆ మీట సంగతి జాలపుటకు కూడా తెలిసే ఏర్పాటు విహరిణులలోకి రాసాగింది. ఇక ఒకప్పుడు తెలుగు పండుగ శుభాకాంక్షలకు, ఆర్భాటపు ప్రవేశ ద్వారాలకు ఆటపట్టయిన ఫ్లాష్‌కు 2020 డిసెంబరు 31తో ఆడోబీ వారు మద్దతు ఆపివేశారు. ఫ్లాష్‌లో కట్టిన పుటలు నేడు మామూలు విహరిణిలో తెరుచుకోవు. వాటిలో ఉన్న తెలుగు వాక్యాలు కూడా వాటితోనే పోయాయి. అదే కాలంలో నిలిచిన యూనికోడ్ అక్షరాలతో వ్రాసినవి, 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా వ్యాసాలు మొదలుకొని, ఈనాటికీ చదువుకోవచ్చు, వెదకుకోవచ్చు. ఒక భాషకు ఇది చిన్న సంగతి కాదు.

ఆ తప్పులో నాకూ పాలున్నది. మొదట్లో నేను కూడా నా పుట నెత్తిన 'స్వాగతం, సుస్వాగతం' అని పరుగెత్తించాను. రెండు సీతాకోకచిలుకలను ఎగురవేశాను. పుట నిండుగా ఉన్నదని మురిసిపోయాను. అనకాపల్లి నూకాంబిక అమ్మవారి జాతరలో ప్రతి అంగడికీ రంగుదీపాలు వెలిగి ఆరుతుంటాయి. వాటిలో ఏ అంగడి దీపాలు ఎలా ఉన్నాయో ఇంటికి వచ్చాక ఎవరూ చెప్పలేరు. జాతరకు అది అందం, అక్కడికి మనం వెళ్ళేదే ఆ కోలాహలం కోసం. గడువు తేదీ కోసం వచ్చినవానికి జాతర చూపకూడదు.

ఇప్పుడు అచ్యుతాపురంలో టీ కొట్టు దగ్గర ఫోనుతో డబ్బు చెల్లించినప్పుడు తెర మీద ఒక గుర్తు గీసుకొని నిలుస్తుంది. రెప్పపాటు పని. డబ్బు చేరిందని ఇచ్చినవానికి, చూపిన తెరను బట్టి పుచ్చుకున్నవానికి కూడా తెలుస్తుంది. చదువు అంతగా రానివారికి కూడా ఆ కదలిక అర్థమవుతుంది. ఒక మార్పు జరిగింది, దానిని చూపింది, ఆగింది. నేటి పుటలు కట్టేవారు సాధారణంగా ఇలాంటి కదలికను 200 నుండి 300 మిల్లీసెకన్లలో ముగిస్తారు. మనిషి రెప్పపాటు కూడా ఇంచుమించు అంతే. అమరకోశపు నిమేషం ఇన్నాళ్ళకు సరైన చోట కుదిరింది.

అయితే పాత జబ్బు పూర్తిగా వదలలేదు. పరుగు పట్టీ స్థానంలో తమంతట తామే జరిగిపోయే పెద్ద చిత్రాల వరుసలు వచ్చాయి. మనం చదువుతుండగానే చిత్రం మారిపోతుంది. ఏళ్ళ నాటి ప్రకటనల పక్కన 'న్యూ' అనే ఎర్రని ముక్క ఇంకా మెరుస్తూ కనిపిస్తుంది. పని ఆగిపోయినా తిరుగుతూనే ఉండే చక్రం ఉన్నది. అది కదలికతో చెప్పే అబద్ధం.

పుటలు కట్టే పిల్లలలో నా విద్యార్థులు కొందరున్నారు. వారికి నేను చెప్పేది ఇంతే. ఏదైనా కదిలించే ముందు, ఇది ఏ మార్పును చూపుతున్నదో ఒక్క వాక్యంలో చెప్పగలరేమో చూసుకోండి. చెప్పలేకపోతే తీసివేయండి. చెప్పగలిగితే నిమేషంలో ముగించండి. అక్షరాన్ని మాత్రం ఎన్నడూ పరుగెత్తించవద్దు. తేదీని, రుసుమును, పేరును, మందు మోతాదును నిలిపి ఉంచండి. చదువరి తన వేగంతో తాను చదువుకుంటాడు.

ఆ పిల్లవాడు పరీక్ష వ్రాశాడు, గట్టెక్కాడు. వాళ్ళ నాన్న ఆ అపరాధ రుసుము సంగతి ఏనాడో మరచిపోయి ఉంటాడు. నేను వ్రాసి ఇచ్చిన తేదీ గనుక నేను మరువలేదు.

తప్పులున్న చోట పెద్దలు మన్నించి దిద్దగలరు.

స్వస్తి.